నీళ్లు లేని కొబ్బరికాయ

ఈ ఉదయం షెడ్డు గుమ్మం దగ్గర కుంకుడుకాయ వాసన వచ్చింది. తలెత్తి చూసేలోపే నా చెయ్యి అడ్డంగా లేచింది. కొత్తగా చేరిన రేవతి జుట్టు వీపు మీద వదిలేసి, కొసల నుంచి నీటిబొట్లు రాలుతుండగా లోపలికి అడుగు పెట్టబోతోంది. శుక్రవారం కదా, తలంటుకుని వచ్చింది. శుభ్రంగా స్నానం చేసి రావడం తప్పయ్యే చోట్లు లోకంలో ఎన్ని ఉంటాయి? "తల ఆరాక రా" అన్నాను. ఆమె మూతి ముడుచుకుని వెళ్లి, బయటి సిమెంటు బల్ల మీద ఎండకు వీపు పెట్టి కూర్చుంది. ఒకప్పుడు అదే బల్ల మీద, అదే మాట పడి, నేనూ అలాగే కూర్చున్నాను. ఆ మాట నాది కాదు, సన్యాసిరావు గారిది. ఈ ఆషాఢంలో ఆయన కాలం చేశారు. అయినా నా నోట్లో దూరి మాట్లాడటం మానలేదు. బతికున్నప్పుడు ఎంత విసిగించారో, ఇప్పుడూ అంతే.

పేరులో తప్ప ఆయనలో ఎక్కడా సన్యాసం ఉండేది కాదు. టెక్కలికీ కోటబొమ్మాళికీ మధ్య, హైవేకు కాస్త లోపలగా ఉన్న మా చిన్న ఫ్యాక్టరీలో ఆయన షెడ్డు ఇన్‌ఛార్జి. పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు తీసేశాక మిగిలే తొక్కల నుంచి నల్లటి నూనె వస్తుంది. దాన్ని శుద్ధి చేసి, ఎసిటైల్ క్లోరైడ్ అనే ద్రవంతో కలిపితే ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచే సరుకు తయారవుతుంది. నూనె మా ప్రాంతానిదే. రెండోది మాత్రం ఎక్కడి నుంచో లారీలో, మూతులు బిగించిన డ్రమ్ముల్లో వస్తుంది. చూడటానికి అచ్చం నీళ్లలాగే ఉంటుంది. కానీ నీళ్లంటేనే దానికి పడదు. తడి తగిలిందా, బుస్సుమని మరిగి తెల్లటి ఆమ్లపు పొగ వదులుతుంది. ఆ పొగ కళ్లనూ ముక్కునూ గొంతునూ ఒకేసారి పట్టుకుంటుంది. ఎక్కువ పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. పైగా నిప్పు తగిలితే అంటుకుంటుంది. ఆ మంట మీద నీళ్లు పోయకూడదు, మంటలార్పే పొడి చల్లాలి. ఎండాకాలం షెడ్డు వేడికే డ్రమ్ము లోపల ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి మూతను గాలి పోయేలా కొద్దికొద్దిగా వదులు చెయ్యాలి. ఇంతటి దుర్మార్గపు సరుకును తెచ్చి, గాలిలో ఎప్పుడూ చెమ్మ ఉండే ఈ సముద్రపు ఒడ్డున వాడాలన్న ఆలోచన ఎవరికొచ్చిందో నాకిప్పటికీ తెలియదు.

పలాసలో డిగ్రీ పూర్తి చేసి చేరిన మొదటి రోజున నేను తలంటుకుని, తడిపిన మల్లెలు పెట్టుకుని వెళ్లాను. అమ్మ ముచ్చట పడి పెట్టింది. సన్యాసిరావు గారు గుమ్మంలోనే ఆపి నా జడ చివర పట్టుకోకుండానే పట్టుకున్నట్టు చూసి, "ఇది ఆరేదాకా ఆ బల్ల మీద కూకో. పువ్వులు ఆ కొబ్బరిచెట్టు మొదట్లో ఎట్టీ" అన్నారు. అప్పడంలా ఎండి లోపలికి వెళ్తే అరచేతులు చూపించమన్నారు. చెమట ఉంది. తుడుచుకోమని గుడ్డ ఇచ్చారు. భయంతో మళ్లీ చెమట పట్టింది. మళ్లీ గుడ్డ ఇచ్చారు. ఎసిటైల్ క్లోరైడ్ గురించి ఏం తెలుసని అడిగితే, పుస్తకంలో చదివిందంతా చెప్పాను. ఆయన చెవి వెనక చెయ్యి పెట్టుకుని "వినబడ్లేదు" అన్నారు. ఇంకోసారి చెప్పాను. "వినబడ్లేదమ్మా." మూడోసారికి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. "కళ్లు తుడుచుకో. అదీ తడే" అన్నారు. ఇంటికెళ్లి డైరీలో ఆయన గురించి రాసింది ఇక్కడ రాయలేను.

అన్నిటికన్నా చిరాకు ఏమిటంటే, ఆయన చెవులు శుభ్రంగా పనిచేసేవి. ఒకసారి క్యాంటీన్ గోడ వెనక నేను మా షెడ్డులో పనిచేసే నూకాలమ్మతో, ఈ ముసలాయనకు చెవిలో దూది పెట్టి పుట్టించాడేమో దేవుడు అని గొణిగాను. గోడ అవతలి నుంచి "దూది కాదు, పత్తి" అని వినిపించింది. నేనేమో వజ్రపుకొత్తూరు అవతల బెస్తల ఊరిదాన్ని. మా ఊళ్లో పడవ మీది మనిషి ఒడ్డుమీది మనిషితో అలల హోరులోంచి మాట్లాడతాడు. మా నాన్న పెరట్లోంచి మంచినీళ్లు అడిగితే వీధి చివర వాళ్లు తెచ్చేవారు. అలాంటి ఇంట్లో పుట్టి నేను పుస్తకాల వెనక దాక్కునే గొంతుతో పెరిగాను. సన్యాసిరావు గారికి ఇది పెద్ద నేరంలా కనిపించేది. "సంద్రం పక్కన పుట్టి ఇలాగ గుసగుసలాడతావేటమ్మా? సేపలతో మాటాడేదానివా?" అని అందరి ముందూ అనేవారు.

అయితే చెప్పేది మాత్రం ఎవరూ చెప్పనంత బాగా చెప్పేవారు, అదొక బాధ. పూర్తిగా తిట్టుకోవడానికి వీలుండేది కాదు. "ఇది ఒక కూలి అనుకో" అనేవారు డ్రమ్మును చూపిస్తూ. "బుజం మీద ఒక మూట ఉంది. ఎవుడు పుచ్చుకుంటాడా అని సూత్తంటాది. జీడినూనె పుచ్చుకుంటే మన సరుకు అవుద్ది. మందుల కంపెనీవోడు ఇంకోదానికి ఇత్తే మందవుద్ది, రంగులోడు ఇత్తే రంగవుద్ది. నీళ్లు కూడా పుచ్చుకుంటాయి. నీళ్లకి అడిగితే సాలు, కాదనవు. దించీసినప్పుడు మాత్రం ఆమ్లం బయటికొత్తాది. అది పోడానికి మనం దారి కట్టాలి." ఆ దారి షెడ్డు వెనక ఉన్న స్క్రబ్బరు. ఆమ్లపు ఆవిరి అందులోని క్షారపు నీళ్లలో కరిగిపోవాలి. అది సరిగ్గా నడుస్తోందో లేదో చూడకుండా ఆయన పని మొదలుపెట్టనిచ్చేవారు కాదు. చూశాక ఇంకొకరిని చూడమనేవారు. వాళ్లు చూశాక మళ్లీ తను చూసేవారు.

ఇక మురీల సంగతి. గాలిలో చెమ్మ కొలిచే మీటరు గోడకు ఉండేది. అది ఉండగానే ఆయన బల్ల మీద మూతలేని డబ్బాలో మురీలు, అంటే మరమరాలు, పోసి ఉంచేవారు. ఉదయం రాగానే అందరూ తలా నాలుగు నమలాలి. కరకరలాడితే ఆరోజు డ్రమ్ము తెరుస్తాం. మెత్తబడితే తెరవం. తూర్పుగాలి తిరిగిన రోజుల్లో మురీలు దూదిలా అయిపోయేవి. బయట లారీ నిలబడి ఉండేది, యజమాని ఫోన్ల మీద ఫోన్లు చేసేవారు, ఈయన మాత్రం ఫోనులోనే మురీలు నములుతూ "మెత్తగున్నాయి బాబూ" అనేవారు. ఒకరోజు ఉండబట్టలేక, మీటరు ఉండగా ఇదంతా ఎందుకండీ అని అడిగాను. ఆశ్చర్యంగా నా మాట ఆయనకు మొదటిసారికే వినబడింది. "మీటరు సెప్పింది నువ్వూ నానూ నమ్ముతాం. నూకాలమ్మ నమ్మదు. మురీ సెప్పింది నూకాలమ్మ నమ్ముతాది. డ్రమ్ము మూత తీసేది ఆవిడే" అన్నారు. ఆ మాటా నిజమేనన్న కోపంతో ఇంకో నాలుగు మురీలు నమిలాను.

నూకాలమ్మ మా షెడ్డులోకి రాకముందు కాశీబుగ్గలో జీడి పని చేసింది. జీడి పాలు తగిలితే చర్మం కాలుతుందని ఆ పనివాళ్లు చేతులకు ముందే ఆముదమో బూడిదో రాసుకుంటారు. కాలినా బూడిదే మందు. ఆమె చేతుల నిండా పాత మచ్చలు. వాటి గురించి చెప్పేటప్పుడు ఆమె గొంతులో కొంచెం గర్వం ఉండేది. ఒకరోజు గ్లౌజుకీ చొక్కా చేతికీ మధ్య సందులోంచి ఆమె ముంజేతి మీద ఎసిటైల్ క్లోరైడ్ చుక్కలు పడ్డాయి. ఆమె అరవలేదు. గబగబా క్యాంటీన్ పొయ్యి వైపు నడిచింది, బూడిద కోసం. నేను చూశాను. ఆగమని చెప్పాలి. నోరు తెరిచాను. మాట గొంతు దాకా వచ్చి, అక్కడే కూర్చుంది. ఆమె వెంట పరిగెత్తి కొంగు పట్టుకున్నాను. అప్పటికే సన్యాసిరావు గారు ఎటు నుంచి వచ్చారో వచ్చి, ఆమెను షెడ్డు బయటి షవరు కిందికి తోసి పిడి లాగేశారు.

"ఓలమ్మ, ఈ బాబుకి మతి పోయినాదేటి" అని నూకాలమ్మ నీళ్లలోంచి తిట్టింది. "రోజూ తడి తగలకూడదంటాడు, తల తడిగుంటే లోనికి రానీడు, ఇపుడు నిలువునా ముంచేత్తన్నాడు. మా సేతులకి బూడిద తెలుసు బాబూ, ఒదిలీ నన్ను." ఆయన వదల్లేదు. పావుగంట సేపు పిడి పట్టుకునే నిలబడి, అంతసేపూ ఆమెకూ, నాకూ, చుట్టూ చేరిన వాళ్లకూ పాఠం చెప్పారు. డ్రమ్ముకి కొంచెం నీళ్లు శత్రువు. ఒంటికి మాత్రం బోలెడు నీళ్లే దిక్కు. తడిగుడ్డతో తుడిస్తే అది అక్కడే ఉడుకుతుంది, ధారగా పోస్తే కొట్టుకుపోతుంది. బూడిద రాస్తే దాన్ని తీసుకెళ్లి చర్మానికి అతికించినట్టే. పడ్డ బట్ట వెంటనే విప్పెయ్యాలి, కళ్లలో పడితే రెప్పలు విప్పి పట్టుకుని కడగాలి, తర్వాత ఆస్పత్రికి పోవాలి. అంతా అయ్యాక ఆమెను టెక్కలి ఆస్పత్రికి పంపి, తన ఇంటి నుంచి భార్య చీర తెప్పించి ఇచ్చారు. నూకాలమ్మ ముంజేతి మీద పలచటి ఎరుపు తప్ప ఏమీ మిగల్లేదు. ఆ చీర మాత్రం తిరిగివ్వలేదు.

ఆ సాయంత్రం నన్ను పిలిచి కూర్చోబెట్టారు. "నువ్వు సూసినావు. ఎందుకు అరవలేదు?" జవాబు కోసం ఆయన ఆగలేదు. "ఈ షెడ్డులో 'ఆగు' అన్న మాట ఎవులైనా అనొచ్చు. ఎవులితోనైనా అనొచ్చు. అన్నాక ఆగాలి, తరవాతే ఎందుకని అడగాలి. ఇసుకా, పొడీ, గ్లౌజులూ అన్నీ దీని తరవాతే. నీకు కెమిస్ట్రీ అంతా వొచ్చు, ఈ ఒక్క మాట రాదు. ఈ మాట రాని మనిషిని లోపల ఉంచలేను. దసరా దాకా సూత్తాను. తరవాత ఆపీసులో బిల్లులు రాసుకుందువుగాని." బిల్లులు రాసుకోవడం నాకు ఇష్టం లేదు. ఆ షెడ్డంటే, ఆ దుర్మార్గపు సరుకంటే, ఎప్పుడు మొదలైందో తెలియని మోజు నాకు. అద్దపు గొట్టంలోంచి అది జీడినూనెలోకి దిగుతూ ఉంటే చూస్తూ నిలబడిపోయేదాన్ని.

ఇక అప్పటి నుంచి ఆయన నన్ను వేధించడం మొదలుపెట్టారు. డ్రమ్ము వైపు మంచినీళ్ల సీసా పట్టుకుని నడిచేవారు, నేను ఆపుతానా లేదా అని. ఆపకపోతే డ్రమ్ము చుట్టూ గీసిన పసుపు గీతకు ఇవతలే ఆగి, వెనక్కి తిరిగి, "నాను సచ్చిపోయినాను. దినానికి రా" అనేవారు. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని నిలబడేవారు. గ్లౌజు ఒకటే వేసుకుని వచ్చేవారు. నేను ఎదురెళ్లి చేతులు అడ్డం పెట్టేదాన్ని, సీసా లాక్కునేదాన్ని, ఒకసారి చొక్కా పట్టి లాగాను. మాట మాత్రం వచ్చేది కాదు. రోజుకు రెండు మూడుసార్లు చచ్చిపోయి, మధ్యాహ్నం హాయిగా క్యారేజీ విప్పుకుని తినే మనిషితో ఎలా వేగాలి?

దసరా వచ్చింది. ఆయుధ పూజనాడు ఫ్యాక్టరీలో యంత్రాలన్నీ కడిగి పసుపునీళ్లు చల్లి కొబ్బరికాయ కొట్టడం ఇక్కడ ఆనవాయితీ. మా షెడ్డులో నీళ్లు కుదరవు కాబట్టి పొడి పసుపు, పొడి కుంకుమ. కాయ గేటు దగ్గరే కొట్టాలని సన్యాసిరావు గారు యజమానితో ముందే ఒప్పందం చేసుకున్నారు. యజమాని భూములున్న ఇంటి మనిషి. వాళ్లన్నయ్య రాజకీయాల్లో ఉన్నాడు. యజమానిని అందరూ బాబుగారనేవారు. ఆరోజు మంచి ముహూర్తమని కొత్త బ్యాచి కూడా మొదలుపెట్టమన్నారు. ఉదయం మురీలు కరకరలాడాయి. డ్రమ్ము స్టాండు మీదికి ఎక్కింది, నూకాలమ్మ మూత వదులు చేసి గొట్టం బిగించడానికి సిద్ధంగా ఉంది, సన్యాసిరావు గారు వెనక స్క్రబ్బరు చూడటానికి వెళ్లారు. సరిగ్గా అప్పుడు బాబుగారు పట్టుపంచెతో, పూజ పళ్లెంతో, పంతులుగారితో, ఇంటిల్లిపాదితో షెడ్డులోకి వచ్చేశారు. గేటుకి కొడితే గేటుకి పుణ్యం, డబ్బు తెచ్చేది ఈ డ్రమ్ము కదా అన్నారట. గుమ్మం దగ్గర ఆపబోయిన వాచ్‌మన్‌ను ఎవరూ పట్టించుకోలేదు.

ఆయన చేతిలో ఉద్దానం కొబ్బరికాయ, తలకాయంత ఉంది. నిండా నీళ్లు. డ్రమ్ముకు దండం పెట్టి, స్టాండు ఇనుప అంచు మీద కొట్టడానికి చెయ్యి ఎత్తారు. ఆ అంచుకు జానెడు దూరంలో మూత వదులై ఉంది. నూకాలమ్మ కళ్లద్దాల్లోంచి నా వైపు చూసింది. బాబుగారి పక్కన ఆయన మనవరాలు నిలబడి ఉంది, పట్టు పరికిణీతో, ముక్కుకు గుడ్డయినా లేకుండా.

"ఆగండి."

నా గొంతు రేకుల పైకప్పుకు తగిలి తిరిగొచ్చింది. అది మా నాన్న గొంతు. బాబుగారి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. అందరూ నా వైపు తిరిగారు. "ఏటమ్మా?" అన్నారు ఆయన చాలా నెమ్మదిగా. ఎత్తిన కాయను ఆపడం అశుభమని వాళ్లింట్లో ఒక పెద్దావిడ అననే అంది. అంతలో వెనక తలుపులోంచి సన్యాసిరావు గారు వచ్చారు. ఒక్క చూపులో మూతా, కాయా, నేనూ ఆయనకు అర్థమైపోయాయి. నూకాలమ్మకు సైగ చేస్తే ఆమె మూత బిగించింది. ఇక ఆయనే చెప్పేస్తారని ఊపిరి పీల్చుకున్నాను. ఆయన చేతులు కట్టుకుని, "ఎందుకాపినావో సెప్పు" అన్నారు నాతో. నేను గొణిగాను. అంతమంది ముందు, బాబుగారి ముందు, ఆ మహానుభావుడు చెవి వెనక చెయ్యి పెట్టుకుని "వినబడ్లేదమ్మా" అన్నారు.

నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఆ కోపంలోనే అందరికీ వినబడేలా చెప్పాను. కొబ్బరి నీళ్లూ నీళ్లే, అవి లోపల పడితే డ్రమ్ము పొంగుతుంది, వచ్చే పొగ మొదట ఎత్తు తక్కువున్న ఆ పాప ముఖానికే తగులుతుంది. బాబుగారు మనవరాలి వైపు చూశారు. కాయ దించారు. కానీ ముఖం మాత్రం గంటు పెట్టుకునే ఉన్నారు. "ఎత్తిన కాయ దించీసినాను. ఇపుడేటి సెయ్యాల? అరిష్టం కాదా?" అన్నారు పంతులుగారితో. పంతులుగారు పొగ అన్న మాట విన్నప్పటి నుంచి గుమ్మం వైపే చూస్తున్నారు. "అరిష్టమేం లేదు బాబూ. హోమంలో పూర్ణాహుతికి కురిడీయే వేస్తాం కదా, అందులో నీళ్లెక్కడివి? కురిడీ కొట్టండి, ఇంకా శ్రేష్ఠం" అన్నారు. లోపలి నీరంతా ఇంకి కొబ్బరి గుండులా ఎండిపోయిన కాయ కురిడీ. ఊపితే గలగలమంటుంది. కోటబొమ్మాళి బజారు నుంచి తెప్పించారు. మళ్లీ పూజ జరిగింది. కురిడీ ఠక్కున పగిలింది, ఒక్క చుక్క పడలేదు. కంచిలి కొబ్బరితోటల్లో పుట్టిన సన్యాసిరావు గారికి ఇది ఇన్నేళ్లూ తట్టనే లేదు. కొబ్బరి ముక్క నములుతూ, తనకు తెలిసినట్టే తలాడించారు.

బాబుగారు కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. సన్యాసిరావు గారు మాత్రం మర్నాడే మాట్లాడారు. మెచ్చుకుంటారని వెళ్లాను. "నిన్న 'ఆగండి' అన్నావు. మర్యాద బానే ఉంది. నువ్వు 'అండి' అనేలోపు కాయ పగిలిపోద్ది" అన్నారు. అంతే. బిల్లుల మాట మళ్లీ ఎత్తలేదు.

పదవీ విరమణ తర్వాత ఆయన కంచిలి వెళ్లిపోయి తోట చూసుకున్నారు. ప్రతి దసరాకూ మా షెడ్డుకు ఒక కురిడీ బస్సులో వచ్చేది. అది చేరిందని ఫోను చేస్తే, అవతల నుంచి వచ్చే మొదటి మాట ఏమిటో చెప్పనక్కర్లేదు. ఫోనులో కూడా అరిపించేవారు. ఈ ఏడు కురిడీ రాదు. కాశీబుగ్గలో నేనే కొని తెచ్చుకోవాలి. నిన్న బజారులో ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తుంటే, కొట్టువాడు విసుక్కుని అన్నీ ఒకటేనమ్మా అన్నాడు. అన్నీ ఒకటి కావు. కొన్నిటిలో ఇంకా కాస్త తడి ఉంటుంది.

ఈ ఉదయం రేవతిని బయట కూర్చోబెట్టాక, ఇదంతా తలచుకుంటూ, తాగుతున్న నీళ్లసీసా చేతిలో పట్టుకునే షెడ్డులోకి నడిచాను. ఎవరినీ పరీక్షించడానికి కాదు, నిజంగానే మరిచిపోయాను. పసుపు గీత దగ్గరికి వచ్చేసరికి వెనక నుంచి చిన్న గొంతు, "ఆగండి మేడమ్."

రేవతి. జుట్టు ఆరి, ముడి వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఎంత మెల్లగా అన్నా నాకు స్పష్టంగా వినిపించింది. నా కాలు గీతకు ఇవతలే ఆగింది. వెనక్కి తిరిగాను. నా చెయ్యి దానంతటదే చెవి వెనక్కి వెళ్లింది.

"వినబడలేదు" అన్నాను.

ఆ పిల్ల నన్ను చూసిన చూపు నాకు బాగా తెలుసు. పొద్దున్నుంచీ ఎండలో కూర్చున్న కోపమంతా కూడదీసుకుని, మేడమూ లేదు, అండీ లేదు, రేకులు అదిరేలా అంది, "ఆగు."